మూడు దినాల సంతకం

మా సెక్యూరిటీ కంపెనీ మెదక్ బ్యాచ్‌లో నలభై ఒక్కమంది ఆన్‌లైన్ పరీక్ష రాశారు. నలభై ఒక్కమందికీ ఇరవైకి ఇరవై వచ్చాయి.

అందులో కౌడిపల్లి పరమేశ్ ఒకడు. వాడికి తెలుగులో తన పేరు రాయడానికే చెమటలు పడతాయి. పరీక్షేమో ఇంగ్లీషులో ఉంది. ఆ కాగితాలు చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వానలో తడుస్తూనే రాందాస్ చౌరస్తాలోని నెట్ సెంటర్‌కు బయల్దేరాను. ఆ రోజు జ్వరమొచ్చి మంచాన పడి ఉన్నా బాగుండేది.

నా పేరు చంద్రకాంత్. పటాలంలో ఆరేళ్లు చేసి, కుడి చెవి వినికిడి పోగొట్టుకుని ఇంటికొచ్చినవాణ్ణి. బ్యాంకుల దగ్గరా, బంగారం తాకట్టు ఆఫీసుల దగ్గరా కాపలా ఉండే గన్‌మెన్లకు తుపాకీ జాగ్రత్తలు నేర్పడం నా పని. ఊరి చివర గ్రౌండ్‌లో పది రోజులు నేర్పేవాణ్ణి. 2011 ఎండాకాలంలో కంపెనీ దాన్ని మూడు రోజులకు కుదించింది. మిగతాదంతా ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ ప్రింటు తీసుకోవాలి. మూడు రోజులు గ్రౌండ్‌కు వచ్చాడని దాని కింద నేను సంతకం పెట్టాలి. రెండూ ఉంటేనే చేతికి తుపాకీ ఇస్తారు.

నెట్ సెంటర్‌లో ఒకమ్మాయి కీబోర్డును టకటకలాడిస్తూ కూర్చుంది.

"గీ పరీక్షలు ఎవరు రాసిండ్రు?" అన్నాను కాగితాలు బల్ల మీద పడేసి.

"నేనే," అంది తలెత్తకుండా.

"నలభై ఒక్కటా?"

"కరెంటు రెండుసార్లు పోయింది. లేకుంటె ఒక్క పూటల అయిపోతుండె."

"వాళ్లు గద రాయాలె!"

"రేషన్ కార్డు ఫారం వాళ్లే నింపుతుండ్రా? హాల్‌టికెట్ వాళ్లే తీస్తుండ్రా? ఏదొచ్చినా 'జర నువ్వే కొట్టు బిడ్డా' అంటరు. కొడత. గిది గూడ గట్లనే కొట్టిన."

"గిది తుపాకి!"

అప్పుడు తలెత్తింది. భయపడాల్సిన చోట నవ్వింది. నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది.

"రూల్ వన్. ఏ తుపాకినైనా తూటా ఉన్నట్టే చూడాలె. రూల్ టూ. తుపాకి మూతి ఇంకొకరి దిక్కు పెట్టొద్దు, నీ ఒంటి దిక్కు గూడ పెట్టొద్దు. రూల్ త్రీ. కాల్చేదాక ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. నలభై ఒక్కసార్లు కొట్టిన సార్. నిద్రల లేపి అడిగినా చెప్త. మీరు గ్రౌండ్ల ఎండకు నిలవెట్టి చెప్పేది గిదే గద?"

"చెప్పుడు గాదు. చేతులకు ఎక్కించాలె."

"చేతులకు చదువు ఎక్కుతదా?"

"రేపు గ్రౌండ్‌కు రా. చూద్దాం."

రాదనుకున్నాను. వచ్చింది. పేరు సుమన అట. డిగ్రీ అయిపోయి రెండేళ్లయింది. నేర్పడానికి నేను వాడే చెక్క తుపాకీ ఆమె చేతుల్లో పెట్టాను.

"రూల్ త్రీ చెప్పు."

"కాల్చేదాక ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు," అంది గడగడా.

"నీ వేలు ఏడుంది?"

చూసుకుంది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. తుపాకీ మూతి నా కడుపు వైపు ఉంది.

"రూల్ టూ?" అన్నాను.

"సచ్చిపోయిండ్రు సార్ మీరు," అంది నాలుక కరుచుకుని.

నిజంగానే పోయాను. అయితే అది చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఆ రోజు మైదానంలో పరమేశ్ బ్యాచ్ ఉంది. నా చేతిలో ఎప్పుడూ ఒక సన్న బరిగె, బెత్తం లాంటి కర్ర, ఉంటుంది. వాచ్‌మెన్లుగా పనిచేసి వచ్చినవాళ్లకు ఒక అలవాటు ఉంది. కట్టె కొన నున్నటి బండల మీద జారుతుందని బూటు మీద ఆనించి, పై కొస రెండు చేతుల్తో పట్టుకుని నిలబడతారు. ఏళ్ల తరబడి అట్లా నిలబడ్డ చేతులకు తుపాకీ ఇచ్చినా తేడా తెలియదు. మూతిని తెచ్చి బూటు మీదే పెట్టుకుంటారు. ఏ పరీక్షలోనూ ఈ ప్రశ్న లేదు. గ్రౌండ్‌లో అయితే మొదటి పది నిమిషాల్లో కనిపిస్తుంది. నేను బరిగెతో బూటు మీద ఒక్కటిస్తాను. మూడు రోజుల్లో ముప్పై సార్లు తగిలితే ఆ అలవాటు పోతుంది.

పరమేశ్ బూటు మీద నా బరిగె పడగానే సుమన పకపకా నవ్వింది.

"మా నాయన గూడ మిల్లుల గట్లనే నిలవడతడు," అంది.

ఆ మాట ఇద్దరం విన్నాం. ఇద్దరం నవ్వాం.

తర్వాత రోజూ ఏదో వంకతో నెట్ సెంటర్‌కు వెళ్లేవాణ్ణి. ఒకసారి ఆమె నా కుడిపక్కన నిలబడి చాలాసేపు మాట్లాడి, జవాబు రాకపోయేసరికి మూతి ముడుచుకుంది. చెవి సంగతి చెప్పాను. అప్పటినుంచి ఏం మాట్లాడాలన్నా చుట్టూ తిరిగి నా ఎడమపక్కకు వచ్చేది. తిట్టడానికి కూడా అట్లాగే వచ్చేది. తిట్టబోయే ముందు ఒక మనిషి అంత శ్రమ తీసుకుంటే ప్రేమించకుండా ఎట్లా ఉండను?

"నీ గ్రౌండ్ మంచిదే," అనేది. "గానీ రేగోడ్ అసొంటి ఊర్ల నుంచి వచ్చేటోళ్లకు మూడు దినాల కూలి పోతది. వీడియో అయితె వీలున్నప్పుడు చూస్తరు."

"చూస్తరా? నువ్వు కొడుతున్నవ్ గద!"

"ఇంగ్లీషుల ఉన్నది కాబట్టి కొట్టిన. తెలుగుల ఉంటె వాళ్లే చూస్తరు."

అన్నంత పనీ చేసింది. పాఠాలన్నీ తెలుగులో రాసుకుని, తర్వాతి బ్యాచ్‌ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చదివి వినిపించింది. ఆపైన వాళ్లు నా దగ్గరికొచ్చారు. ఆ బ్యాచ్ నా జన్మలో చూసిన మంచి బ్యాచ్. ఆమె చెప్పింది, నేను చేతులకు ఎక్కించాను. ఆ ఒక్క నెలా మేమిద్దరం సరిగ్గా బతికాం.

వాళ్లింటికి కూడా వెళ్లాను. తండ్రి ఎల్లయ్య ఇరవై ఏళ్లుగా రైస్ మిల్లులో వాచ్‌మన్. తల్లి బాలమణి చాయ్ ఇచ్చింది.

"బాగున్నవా కాకా?" అన్నాను ఎల్లయ్యతో, మర్యాదగా.

బయటికొచ్చాక సుమన నా ఎడమపక్కకు తిరిగొచ్చింది. "మా నాయన నీకు కాక అయితె నేనేమైత? చెల్లెనా?"

మర్నాటి నుంచి "మామా" అన్నాను. ఎల్లయ్య ఏమీ అడగలేదు. మీసాల్లో నవ్వుకున్నాడు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మిల్లు కూడా మూసేస్తారని పుకారు పుట్టింది. సరిగ్గా అప్పుడే చౌరస్తాలోని బంగారం తాకట్టు ఆఫీసుకు గన్‌మన్ కావాల్సి వచ్చింది. మా కంపెనీవాళ్లు ఎల్లయ్య పేరు రాసుకున్నారు. సోమవారం లోపల సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు.

శనివారం సుమన కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"నాయనకు పరీక్ష నేనే కొట్టిన. కరెంటు లేకుండె, నేర్పి రాయించే టైం దొరకలే. ఇగ నీ సంతకమే."

"మూడు దినాలు రమ్మను."

"ఎట్ల వస్తడు? మిల్లుల రెండో వాచ్‌మన్‌ది రేగోడ్. బస్సుల్లేక ఆయన వస్తలేడు. నాయన పగలు రాత్రి ఒక్కడే ఉంటుండు. విడిచిపెట్టి వస్తె సేటు ఉన్న నౌకరి గూడ తీసేస్తడు."

"సుమనా, గిది ఒక్కటి అడగకు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏడవలేదు, బతిమాలలేదు. "సరె," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగింది.

ఆమె రెండోసారి అడగలేదు. ఆ సంగతి అందరికీ తెలియాలి. గేటు దాకా పోయిన పిల్లను వెనక్కి పిలిచింది నేను. జేబులోంచి పెన్ను తీసింది నేను.

"నౌకరిల చేరనీ. వచ్చే ఆదివారం నుంచి నేనే మామకు నేర్పిస్త," అన్నాను, సంతకం పెడుతూ. ఆయన రాని మూడు రోజుల తారీకులూ వేశాను.

"నేను గూడ మాటిస్తున్న. నాయన్ని నేనే తోలుకొస్త," అంది. కళ్లు తుడుచుకుని, "నీ రూలు తప్పినందుకు నీకు పరేశాన్ అయితుందా?" అంది.

"అయితుంది."

"పెళ్లయినంక దినాం మూడు రూల్స్ అప్పజెప్త. సరేనా?"

పెళ్లి మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. నేను గాల్లో తేలుతూ ఇంటికి పోయాను. నా సంగతి ఇప్పుడు తలచుకుంటే అసహ్యం వేస్తుంది.

మొదటి ఆదివారం ఆయనకు డ్యూటీ పడింది. రెండో ఆదివారం పొద్దున్నే చెక్క తుపాకీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"రాత్రి డ్యూటీ చేసొచ్చి గిప్పుడే పండుకున్నడు. లేపాల్నా?" అంది బాలమణి.

తలుపు వెనక సుమన నిలబడి ఉంది. పచ్చ చుడీదార్ వేసుకుంది. కళ్లతోనే వద్దంది, కళ్లతోనే ఖిల్లా వైపు చూపించింది.

"పండుకోనీ అత్తమ్మా. వచ్చే వారం చూద్దాం," అన్నాను. చెక్క తుపాకీ వాళ్లింటి గోడకు ఆనించి వెళ్లాను.

మేము మెదక్ ఖిల్లా ఎక్కాం. సగం దారిలో వాన పట్టుకుంది. రాళ్ల గోడ కింద నిలబడ్డాం. దూరంగా చర్చి గోపురం కనిపిస్తోంది. ఆమె చున్నీ నీళ్లు పిండుతూ నా ఎడమపక్కకు వచ్చింది.

"నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

"సిగ్గయితుంది. గా పక్క చెవుల చెప్తె?"

"గా పక్క వినపడదు."

"అందుకే," అని కుడిపక్కకు పోయి ఏదో చెప్పింది. నాకు వెచ్చటి ఊపిరి మాత్రమే తెలిసింది. అయినా అర్థమైంది. ఆ మాటకు వేరే అర్థాలు ఉండవు కదా.

నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఆ రోజు ఆ సమయానికి నేను ఎల్లయ్య బూటు మీద బరిగెతో కొడుతూ ఉండాల్సింది.

మంగళవారం మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో ఉండగా చప్పుడు వినిపించింది. లారీ టైరు పేలిందనుకున్నాను. సుమన మాత్రం కుర్చీ తన్నేసి బయటికి పరుగెత్తింది.

ఎల్లయ్య తాకట్టు ఆఫీసు మెట్ల మీద పడి ఉన్నాడు. మిల్లులో ఇరవై ఏళ్లు ఎట్లా నిలబడ్డాడో అట్లాగే నిలబడ్డాడట, మూతి బూటు మీద ఆనించి. మేనేజర్ రాగానే సలాం కొట్టడానికి ఒక చెయ్యి ఎత్తాడు. రెండో చెయ్యి జారి ట్రిగ్గర్ మీద పడింది.

"కాలేది బిడ్డా?" అంటున్నాడు. "నా కాలేది?"

నా చొక్కా విప్పి మోకాలి కింద కట్టు కట్టాను. ఆ కట్టు కట్టడం కూడా నేను గ్రౌండ్‌లో మూడో రోజు నేర్పే పాఠమే.

అంబులెన్స్ హైదరాబాద్ రోడ్డెక్కింది. కౌడిపల్లి దగ్గర రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారు. సైరన్ వినగానే పొయ్యిల మీది గిన్నెలతో సహా పక్కకు జరిగారు. కాళ్లు కాలుతున్నా ఒక ముసలావిడ మండే కట్టెలను పక్కకు తన్నింది. రాష్ట్రం కోసం రోడ్డును ఆపినవాళ్లు కూడా ఎల్లయ్యను ఆపలేదు. ఆయనను పట్టించుకోనిది నేనొక్కణ్ణే.

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

దవఖాన వరండాలో మూడో రోజు సుమన నా దగ్గరికొచ్చింది. నాకు ఎదురుగా నిలబడింది.

"తప్పు నాది," అన్నాను. "నిన్ను వెనక్కి పిలిచింది నేను."

"పరీక్ష కొట్టింది నేను. ఆదివారం లేపొద్దన్నది నేను." కళ్లు తుడుచుకుంది. "ఇంకొకరికయితె సంతకం పెడుతుంటివా?"

"పెట్టను."

"ఎంత బతిమాలినా?"

"పెట్టను."

"నువ్వు నన్ను ప్రేమించకపోతె మా నాయనకు కాలు ఉంటుండె చందూ," అంది. "నిన్ను చూసినప్పుడల్లా నాకు గదే యాదికొస్తది. నన్ను నేను చూసుకున్నా గదే యాదికొస్తది. ఇగ రాకు."

నేను వరండా మెట్లు దిగి వచ్చేశాను.

కంపెనీకి నిజం రాశాను. ఈ-మెయిల్ చేయడం సుమనే నేర్పింది కాబట్టి నా చేత్తో నేనే కొట్టాను, రెండు గంటలు పట్టింది. పరీక్షలన్నీ తానే కొట్టానని ఆమె కూడా రాసిందట. ఆమెకు జవాబు రాలేదు. నాకు హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మా పై అధికారి అమరేందర్ సారు ఫోన్ చేశాడు.

"నీ సంతకమే దొంగదైతె ఇగ గ్రౌండెందుకు? మనుషులు మొహమాటపడతరు. కంప్యూటర్‌కు మొహమాటం ఉండదు. అంతా ఆన్‌లైన్ చేస్తున్నం," అన్నాడు.

నా నౌకరీ పోయింది. అది పోవాల్సిందే. కానీ నాతోపాటు గ్రౌండ్ కూడా పోయింది. బరిగె దెబ్బ తినని కాళ్లు ఎన్ని ఆఫీసుల ముందు నిలబడ్డాయో లెక్కలేదు. చేత్తో నేర్పాలని నెట్ సెంటర్ బల్ల గుద్ది అరిచిన నేనే ఆ చదువుకు పాడె కట్టాను.

మైదానం షెడ్డు తాళంచెవి ఒక్కటి నా దగ్గర మిగిలిపోయింది. ఎవరూ అడగలేదు. రోజూ సాయంత్రం పోయి ఊరికే కూర్చునేవాణ్ణి.

ఎనిమిది నెలల తర్వాత, తొలకరి మబ్బు పట్టిన రోజున, గేటు ముందు ఆటో ఆగింది. ఎల్లయ్య చంకకర్రల మీద దిగాడు. ఆయన భుజాన నేను వాళ్లింట్లో వదిలేసిన చెక్క తుపాకీ ఉంది. ఆటోలో సుమన కూర్చుని ఉంది. దిగలేదు. తల తిప్పుకుంది.

"ఎట్లున్నవ్ కాకా?" అన్నాను లేచి నిలబడి.

"మామా అననీకి నోరొస్తలేదా?" అన్నాడు. "మూడు దినాలు నేర్పిస్తనన్నవ్ గద. వచ్చిన. నేర్పు."

"ఇప్పుడెందుకు మామా?"

"నువ్వు నేర్పిస్తనన్నవ్. నేను నేర్చుకుంటనన్న."

భుజాన ఉన్న చెక్క తుపాకీ చేతుల్లోకి తీసుకుని నిలబడమన్నాను. చంకకర్ర మీద బరువేసి నిలబడ్డాడు. నేను రూల్ వన్ మొదలుపెట్టాను. వింటూ వింటూ ఆయన చేతులు వాటంతటవే తుపాకీని తిప్పాయి. మూతిని కాలు మీద ఆనించబోయాయి. అక్కడ కాలు లేదు. మూతి జారి మట్టిలో దిగబడింది.

నా చేతిలో బరిగె ఉంది. ఎక్కడ కొట్టాలి?

ఎల్లయ్య కిందికి చూసుకున్నాడు. "చేతులకు ఇంక తెల్వలే పిల్లగా," అన్నాడు.

నేను మట్టిలో కూలబడి ఏడ్చాను. ఆయన నన్ను ఆపలేదు. ఏడుపు అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు.

"గా కాయితం మీద నీ సంతకం చూసినప్పుడు నాకెర్క లేదనుకున్నవా?" అన్నాడు. "రాని దినాలకు వచ్చినట్టు రాసినవ్. నవ్వుకున్న. అల్లుడు దొరికిండనుకున్న. నేను గూడ అడగాలె గద, నేర్పు పిల్లగా అని. అడగలే."

"సుమన..." అన్నాను.

"దానికి నీ మీద కోపం లేదు. దాని మీద దానికే కోపం. గది నేను తీస్తె పోయేది గాదు, నువ్వు తీస్తె పోయేది గాదు."

రెండో రోజూ వచ్చాడు. మూడో రోజూ వచ్చాడు. సుమన ఆటోలోనే కూర్చుంది. మూడో రోజు సాయంత్రానికి ఎల్లయ్య తుపాకీ మూతి ఆకాశం వైపు పెట్టి నిలబడ్డాడు. రెండు గంటల్లో ఒక్కసారి కూడా కిందికి దించలేదు. ఇక ఎప్పటికీ తుపాకీ పట్టని చేతులు సరిగ్గా నేర్చుకున్నాయి.

ఆయన జేబులోంచి పాత సర్టిఫికెట్ జిరాక్సు తీశాడు. ఇరవైకి ఇరవై. కింద నా సంతకం.

"మూడు దినాలైనయ్. ఇప్పుడు పెట్టు," అన్నాడు.

దొంగ సంతకం కింద నిజం సంతకం పెట్టాను.

గేటు చప్పుడైంది. సుమన లోపలికొచ్చింది. నాకు కుడివైపు నుంచి వచ్చి, ఆగి, నా వెనక నుంచి తిరిగి ఎడమపక్కకు వచ్చి నిలబడింది. చిక్కిపోయింది. కాగితం అందుకుంది.

"తారీకు ఏసినవా?"

"ఏసిన."

"ఏ తారీకు?"

"ఇయ్యాల్టిది."

కాగితం వంక చాలాసేపు చూసింది.

"ఆ శనివారం నువ్వు తారీకులు ఏస్తుంటె గీ మాట అడగకపోతి," అంది.

తండ్రి భుజం పట్టుకుని ఆటో దాకా నడిపించుకుపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చినుకులు మొదలయ్యాయి. నేను చెక్క తుపాకీని తుడిచి, షెడ్డులో పెట్టి తాళం వేశాను.